మందో, నీళ్ళో

ముదిగుబ్బ పక్క పల్లెల్లో ఇంటింటికీ తిరిగి "దగ్గుండాదా?" అని అడగడమే నా ఉద్యోగంగా ఉన్న కాలం ఒకటుంది. నర్సింగు చదివి, అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కొన్నాళ్ళు చేసి, తరవాత ఒక టీకా పరీక్షలో పల్లెలు తిరిగే నర్సుగా చేరినాను. చలికాలంలో అందరికీ వచ్చే జలుబు వైరసు ఒకటుంది. వయసులో ఉన్నవాళ్ళకు ముక్కు కారి నాలుగు రోజుల్లో పోతుంది. పసిబిడ్డలకూ ముసలివాళ్ళకూ ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. దానికి కొత్తగా చేసిన టీకా అరవై దాటినవాళ్ళకు పనిచేస్తుందా లేదా చూడాల.

చేరిన కొత్తలో డాక్టరు మాకు విడమరిచి చెప్పినాడు. వైరసు ఒంటి మీద ముళ్ళ మాదిరి ప్రోటీను ఉంటుంది. మన కణంలోకి దూరేముందు దానిదొక ఆకారం, దూరేటప్పుడు ఇంకొక ఆకారం. మన ఒంటికి మొదటి ఆకారం చూపిస్తేనే అది వైరసును గుర్తుపట్టి అడ్డుకునేది నేర్చుకుంటుంది. కానీ ఆ ఆకారం నిలవదు, ఊరికే రెండోదిగా మారిపోతుంది. ఏండ్ల తరబడి శాస్త్రవేత్తలను సతాయించింది అదే. ఇప్పుడు దాన్ని కదలకుండా బిగించే ఉపాయం దొరికింది. వైరసుతో పని లేకుండా ఆ ముల్లొక్కదాన్నే తయారుచేసి సూదిమందుగా ఇస్తారు.

నేను చేర్పించినవాళ్ళలో గొర్రెలు మేపుకునే ఒక తాత, ఆయన భార్య ఉన్నారు. వాళ్ళ వసారాలో కూర్చొని అంతా చెప్పినాను. "సగం మందికి మందు, సగం మందికి వొట్టి ఉప్పునీళ్ళు. ఎవరికేది పడిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు, డాక్టరుకూ తెలీదు. అన్నీ అయిపోయినాకనే చెప్తారు."

తాత పడీపడీ నవ్వినాడు. "నీళ్ళిస్తామని మా సీమకు చానామంది మాటిచ్చినారు. సూదిలోనైనా తెచ్చిచ్చేదానివి నువ్వొక్కదానివే నర్సమ్మా."

అవ్వ నవ్వలేదు. "నీళ్ళు పొడిచి పంపిస్తే మనకేం లాభం?" అనింది.

"మనకు కాకపోతే ఇంకొకరికి. మా నాయన దగ్గి దగ్గీ పోయినాడు. ఏం రోగమో, యాడికి తీసకపోవాలో కూడా తెలీకపాయె" అన్నాడు తాత. ఇద్దరూ ఒప్పుకున్నారు.

అనంతపురంలో సూది వేయించుకొని వచ్చిన మరుసటి పొద్దున పోయి చూస్తే అవ్వ మంచం మీద ఉంది. చెయ్యి వాచింది, ఒళ్ళు కాలుతాంది. తాత పొయ్యి దగ్గర కూర్చొని సంగటి గెలుకుతాన్నాడు.

"నాకేమీ కాలేదు. చీమ కుట్టినట్ల కూడా లేదు. నాకు నీళ్ళే పడినట్లుండాయి" అన్నాడు.

"అట్లా చెప్పలేం తాతా. మందు పడినా కొందరికి ఏమీ కాదు."

అది నిజమే. అయినా నా మనసులో అనుమానం కూర్చునింది. పైకి అనకూడదు, అనలేదు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. చేన్లలో చెనిక్కాయ మొలిచి మొలిచినట్లే మాడిపోయింది. మేత కోసం తాత గొర్రెలను దూరం తోలుకుపోయేవాడు. వారానికొకసారి నేను పోయినప్పుడు గుట్ట కింద ఎక్కడో కనపడేవాడు. దగ్గుండాదా అంటే, "గొర్రెలకుండాది. వాటి పేర్లూ రాసుకుంటావా?" అనేవాడు.

చలి మొదలైనాక ఒకరోజు ఆయన ఇంట్లోనే ఉన్నాడు. గోడకు ఆనుకొని కూర్చొని, నన్ను చూసి తలూపినాడంతే. ముక్కులో పుల్ల పెట్టి చీమిడి తీసి పరీక్షకు పంపించినాను. మరుసటి రోజుకు ఒక మాట పలికి ఇంకొక మాటకు ఊపిరి వెతుక్కుంటాన్నాడు. అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయినాము. ఆ వైరసే అని తేలింది.

ఆక్సిజను పెట్టినారు. వరండాలో అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "డాక్టరును అడుగు మా. ఆయప్పకు ఏది పడిందో చెప్పమను."

అడిగినాను. డాక్టరు కండ్లు తుడుచుకున్నాడు, నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి. "తెలిసినా చేసే వైద్యం ఇదే. వైద్యం మారేదుంటేనే సీలు విప్పి చూడాల" అన్నాడు. ఆయన చెప్పింది సరైనదే. ఆ మాట అవ్వకు చెప్పడానికి వరండా దాకా నడవాల్సింది నేను.

తాత రెండు రోజులు పోరాడి ఒక పొద్దున పోయినాడు.

ఆయన పోయినా అవ్వ పరీక్షలోనే ఉంది. వారంవారం ఆమెను అడగాల్సిందే. దినాలైన వారమే ఆ ఇంటికి పోయినాను. గొర్రెలను అవ్వ మరిది తోలుకుపోయినాడు, దొడ్డి ఖాళీగా ఉంది. గడప బయటే నిలబడి, "దగ్గుండాదా అవ్వా?" అన్నాను.

"లేదు."

"జ్వరం?"

"లేదు. నాకేమీ రాదు."

ఆ తరవాత ఎన్నో వారాలు అదే ప్రశ్న, అదే జవాబు. కొన్నిసార్లు నేను నోరు తెరవకముందే ఆమె తల అడ్డంగా ఊపేది.

కాలం గడిచింది. లెక్కలు విప్పినారు. మందు పడినవాళ్ళలో ఆ రోగంతో ఆసుపత్రి పాలైనవాళ్ళు చానా తక్కువ. ఆఫీసులో మైసూరుపాకు పంచినారు. నాకూ సంతోషమే అయింది, అబద్ధం చెప్పను. కానీ చేతిలో తీపి పట్టుకొని నిలబడినాను, తినలేకపోయినాను. ఎవరికేది పడిందో వాళ్ళ వాళ్ళకు చెప్పమని పంపించినారు.

అవ్వ చేటలో చెనిక్కాయలు ఒలుస్తాంది. కూర్చున్నాను.

"నీకు మందు పడింది అవ్వా."

"ఆయప్పకు?"

"నీళ్ళు."

ఆమె చేతులు ఆగినాయి. బయట యాడో ట్రాక్టరు పోతాంది. చేటను పక్కకు జరిపి నా వైపు తిరిగింది.

"ఆయప్ప పోయింది మీ లెక్కలో రాసుకున్నారా?"

"రాసుకున్నాం."

"దేనికి?"

"నీళ్ళు పడినోళ్ళకు జబ్బు వచ్చి, మందు పడినోళ్ళకు రాకుంటేనే గదా మందు పనిచేసిందని తెలిసేది." ఇంతకంటే మెత్తగా చెప్పే మాట నాకు దొరకలేదు.

"అయితే ఇప్పుడు అందరికీ ఏస్తారా?"

"నీళ్ళు పడినోళ్ళకు ముందు వేస్తారు. తక్కిన జనానికి ఇంకా కాలం పడుతుంది. సర్కారు ఒప్పుకోవాల."

"ఈ చలికాలానికి రాదా?"

"రాదు అవ్వా."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టింటే బాగుండేది. మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది. నేనూ నాలుగు కాయలు ఒలిచి, లేచి వచ్చేసినాను.

ఆ పని ముగిసింది. ఇప్పుడు ధర్మవరంలో ఒక ఆసుపత్రిలో చేస్తాన్నాను. మగ్గాల వీధుల నుంచి ముసలివాళ్ళు వస్తారు, రొప్పుతూ, కొడుకుల భుజాల మీద వాలిపోయి. టీకా ఇంకా అనుమతుల్లోనే ఉంది. నేను వాళ్ళను మంచం మీద ఒరగబెట్టి, ముక్కుకు ఆక్సిజను గొట్టం తగిలిస్తాను.