వంక పక్కన వంపు

మున్సిపల్ ఆఫీసులో నా పని ఇంకా రానివాళ్ళ గురించి ఆలోచించడం. ముప్పై ఏళ్ళ తర్వాత ఊరు ఎటు పెరుగుతుంది, అప్పుడెంతమంది ఉంటారు, వాళ్ళ మురుగునీళ్ళు పోవడానికి ఇప్పుడే ఎంత లావు పైపు వేయాలి, ఇదీ లెక్క. అనంతపురంలో తాగే నీళ్ళకే కటకటగా ఉంటే మురుగు గురించి ఈ హైరానా ఏమిటని మా చుట్టాలు ఎగతాళి చేసేవారు. "ముందు కొళాయిలో నీళ్ళు రానీమ్మా, పోయే నీళ్ళ సంగతి తర్వాత చూద్దువు" అనేవాడు మా చిన్నాయన. నాకు ఒళ్ళు మండేది. జనం వచ్చాక రోడ్లు తవ్వితే తిట్టేదీ వీళ్ళే.

ఊరికి పడమర, వేరుశనగ చేలు ప్లాట్లయిన చోట కొత్త మెయిన్ లైను అనుకున్నాం. మురుగు దానంతటదే పారాలి కాబట్టి పైపు ఎప్పుడూ పల్లం వెతుక్కుంటూ పోవాలి. అక్కడ పల్లమంటే వంకే. ఏళ్ళ తరబడి నీళ్ళు చూడని వంక, నిండా కంపచెట్లు. దాని గట్టు వెంబడి తిన్నగా ఒక గీత గీసి, ఇంటికొచ్చి మాటవరసకు అమ్మతో చెప్పాను. బియ్యం ఏరుతున్న ఆమె చేయి ఆగింది.

"ఆ గట్టునే కదే మీ అక్కను పెట్టినాం."

నాకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి, పేరు పెట్టకముందే పోయిందని తెలుసు. అప్పట్లో మావాళ్ళు ఆ చేల పక్కనే ఉండేవారు. ఎక్కడ పూడ్చారని నేనెప్పుడూ అడగలేదు. పసిబిడ్డలకు సమాధి కట్టరు, రాయి కూడా పెట్టరు.

"ఎంత లోతు తవ్వుతారే?"

"రెండు నిలువుల లోతమ్మా."

"అప్పుడు కరువు. నేల రాయైపోయిండె. మీ నాయన గడ్డపారతో ఎంత పొడిసినా మోకాలు లోతు కూడా కాలేదు." మళ్ళీ బియ్యంలో చేయి పెట్టి, "జేసీబీకేం తెలుస్తాది" అంది.

ఆ తర్వాత ఆఫీసులో ఆ గీత చూసినప్పుడల్లా నాకు భయం వేసేది. ఇంకా పుట్టని వేలమందికి చోటు చూస్తున్నాను, పుట్టి పోయిన ఒక్కదానికి ఉన్న చోటు తీసేస్తున్నాను. అక్క నన్నే చూస్తోందనిపించేది.

అమ్మను ఆటోలో వంక దగ్గరికి తీసుకెళ్ళాను. నాయన ఉంటే చూపించేవాడేమో, ఆయన పోయి చాలా కాలమైంది. తంగేడు చెట్టు మొదట్లో పెట్టారట. ఇప్పుడు తంగేడు లేదు. కంపలకు చీర చిరుగుతున్నా అమ్మ తిరుగుతూనే ఉంది. ఒకచోట ఆగేది, తల అడ్డంగా ఊపి ఇంకోచోటికి పోయేది. చివరికి గట్టు కోసుకుపోయిన చోట నిలబడి "ఈడనే" అంది.

మా పైఅధికారి డీఈ సార్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. విసుక్కుంటారనుకున్నాను. "వాలు చెడకుండా చూసుకోమ్మా" అన్నారు, అంతే. లైనును ఆ చోటికి దూరంగా వంచాను. పైపు వంగిన ప్రతిచోటా మ్యాన్‌హోల్ కట్టాలి, లేకపోతే అడ్డుపడినప్పుడు తీయడానికి దారుండదు. అలా అమ్మ చూపిన చోటికి బాగా ఇవతల ఒక మ్యాన్‌హోల్ వచ్చింది.

తవ్వినన్నాళ్ళూ దగ్గరే నిలబడ్డాను. పైన ఎర్రమట్టి, కింద గరుసు, ఇంకేమీ కనపడలేదు. అంత పసిబిడ్డ ఎముకలు ఇన్నేళ్ళకు కనపడతాయా అన్న ఆలోచన మాత్రం వదల్లేదు.

లైను పూర్తయింది. ప్లాట్లలో ఇళ్ళింకా లేవలేదు. అక్క జోలికి పోలేదని అమ్మకు చూపిద్దామని మళ్ళీ తీసుకెళ్ళాను. కంపచెట్లు కొట్టేయడంతో గట్టు బోడిగా ఉంది. వాటి చాటున ఇన్నాళ్ళూ కనపడని పాత బావి ఇప్పుడు కనపడుతోంది. అమ్మ దాన్ని చూసింది, ఎదురుగా ఉన్న కొండను చూసింది, నెమ్మదిగా వెనక్కి నడుచుకుంటూ వచ్చి మ్యాన్‌హోల్ దగ్గర ఆగింది.

"బాయి ఆపక్క. కొండ ఈపక్క." కాళ్ళ దగ్గరి మూత చూపించింది. "ఈడ ఉండె తంగేడు. నేనే తప్పు చెప్పినానే."

అమ్మ కింద కూర్చుని సిమెంటు మూత మీద అరచేయి ఆనించింది. మిట్టమధ్యాహ్నం ఎండకు అది కాలిపోతున్నా తీయలేదు.

"లోపల ఏమన్నా పారతాందా?"

"ఇంకా లేదమ్మా. జనం రావాల."

"నిదానంగా రానీలే" అంది అమ్మ.