ఉత్పాదకత ఏ దళంలో ఉంది?

నా చదువు నన్ను ఠాణాలో కూర్చోబెట్టిన కథ చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి, నా భార్య ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అన్నలు అడవుల్లో, పోలీసులు ఊళ్లలో తిరుగుతున్న రోజులవి. నేను కోరుట్లలో ఎకనామిక్స్ లెక్చరర్‌ని. కొత్త ఉద్యోగం, అంతకంటే కొత్త గడ్డం. పెద్ద కంపెనీల్లోనే ఉత్పాదకత పెరుగుతుందని వ్యాసం రాయాలని, భుజాన గుడ్డసంచి వేసుకుని సిరిసిల్ల వెళ్లాను. మరమగ్గాల మోతలో మన మాట మనకే వినబడదు. అందుకే ప్రతి షెడ్డు ముందూ గొంతు చించుకున్నాను.

"చిన్నోళ్లంతా ఒక్కటి కావాలె! విడివిడిగ ఉంటె బాగుపడరు!"

తలుపులు టపటపా మూసుకున్నాయి. నాలుగో వాడ చేరేసరికి జీపు వచ్చి, నన్ను ఎక్కించుకుని ఠాణాలో బల్ల మీద కూర్చోబెట్టింది.

"ఎవలు పంపిండ్రు నిన్ను?" అన్నాడు ఎస్సై.

"ఎవరూ పంపలేదు సార్. ఉత్పాదకత కోసం వచ్చాను."

"గా ఉత్పాదకత ఎవలు? ఏ దళం?"

క్లాసులో గడగడా చెప్పే నిర్వచనం ఒక్క ముక్కా గుర్తురాలేదు. అప్పుడే ఆ వాడ నుంచి నా వెనకే ఠాణాకు వచ్చింది లచ్చవ్వ. భర్త పోయాక నాలుగు మగ్గాల షెడ్డును ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న మనిషి. తలుపు వేసుకోకుండా నా ఉపన్యాసం విన్నది ఆమె ఒక్కతే.

"సారూ, గీ పిలగాడు అన్నలల్లోడు కాదు. కాలేజి పంతులు. అందరం కలిసి పెద్ద షెడ్డు పెట్టుకోవాలంటున్నడు, గంతే."

"మరి ఉత్పాదకత అంటె ఏంది?"

"నా మగ్గాలు మొదాల ఒక్క వరుసల ఉండె. ఒక్క మనిషి రెండే చూసేటోడు. ఎదురుబొదురు తిప్పి పెట్టిన. గిప్పుడు గా మనిషే నడుమ నిలవడి నాలుగు చూస్తుండు. పోగు తెగితె రెండడుగులేస్తె సాలు. గదే పొద్దుకు బట్ట ఎక్కువొస్తున్నది. గదే సారూ, గాయన జెప్పేది."

నా రెండేళ్ల ఎం.ఏ.ను ఆమె ఒక్క గుక్కలో చెప్పేసింది. వాడలో మిగతా షెడ్లు కూడా ఆమెను చూసే మగ్గాలు తిప్పుకున్నాయట! లేచి దండం పెట్టాలనిపించింది కానీ, లేస్తే ఎస్సై ఏమంటాడోనని కూర్చునే పెట్టాను.

"నోటుబుక్కుల ఏం రాసినవ్?" అన్నాడు ఎస్సై, నా సంచిలోంచి దాన్ని తీసి చేతికిస్తూ.

చదవక తప్పలేదు. "చిన్న షెడ్లలో ఉత్పాదకత పెరగదు."

"అవ్వా, అబద్ధం రాసిండు. లోపలెయ్యాల్నా?"

"ఇడిచిపెట్టుండ్రి సారూ," అంది లచ్చవ్వ జాలిగా. "పాపం, సదువుకున్నోడు."

ఆ సాయంత్రం బస్టాండులో, చాయ్ గ్లాసు సాక్షిగా ప్రమాణం చేశాను: షెడ్డులో అడుగుపెట్టకుండా దాని సైజు గురించి ఈ జన్మలో నోరెత్తను. బస్సు వచ్చిందని లేచే తొందరలో చాయ్ సగం ఒలికింది. ప్రమాణం మాత్రం ఇప్పటిదాకా చుక్క ఒలకలేదు.