అత్త విప్పిన పిడికిలి

మా అత్త పోయిందని కృష్ణగిరి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఒక పేషెంటు మోకాలు వంచుతున్నాను. ఫోన్ చేసింది మామిడికాయల మండీలో ఆమెతో పాటు పనిచేసే ఆవిడ. "మూడు దినాలు జ్వరమమ్మా. పెద్దాస్పత్రికి తీసుకపోయినాము. పొద్దున పోయింది. ముందు నీకే చెప్పమన్నింది" అంది. పేషెంటు "అమ్మా, నొప్పి" అని అరిచేదాకా నేను ఆ మోకాలిని అలాగే పట్టుకుని ఉన్నానని నాకు తెలియలేదు.

ఆమె మా నాన్నకు చెల్లెలు. రాయకోటలో పుట్టి, హోసూరు పక్కన మత్తిగిరిలో కాపురం చేసి, కృష్ణగిరిలో పోయింది. ఆమె గురించి నాలుగు మంచిమాటలు రాద్దామని కూర్చుంటే దెబ్బలే గుర్తుకొస్తున్నాయి. వాటిని దాచి రాస్తే అది ఆమె గురించి రాసినట్టు కాదు. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

తొంభైల చివర ఫిజియోథెరపీ డిగ్రీ పూర్తిచేసి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి, పీజీలో చేరాను. కాలేజీ బెంగళూరులో. హోసూరు నుంచి రోజూ బస్సులో పోయిరావచ్చని మా నాన్న నన్ను అత్త ఇంట్లో పెట్టాడు. మామ ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటరు. వాళ్లకు పిల్లల్లేరు. నేను పుస్తకం పట్టుకుంటే అత్త కంచం తెచ్చి పుస్తకం మీదే పెట్టేది. "ముందు తిను పాపా. ఎముకలు యాడికీ పోవు" అనేది.

సాయంత్రం మామ ఇంటికొచ్చే వేళకు అత్త వంటింట్లో ఒక పని చేసేది. చపాతీ కర్ర, పప్పుగుత్తి, రోకలి, ఇనుప గరిటె అన్నీ ఏరి అటక మీదికి చేర్చేది. తర్వాత గుమ్మం పక్కన నిలబడి వీధిలో చెప్పుల చప్పుడు వినేది. మనిషి నడకను బట్టి ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పడం మాకు పీజీలో ఒక సబ్జెక్టు. అత్తకు అది ఎవరూ నేర్పకుండానే వచ్చు. "ఈ పొద్దు కాలు ఈడుస్తా వస్తా ఉండాడు. నువ్వు లోపలికి పోయి గడి పెట్టుకో" అనేది. నేను పోయేదాన్ని. పుస్తకం ముందు పెట్టుకుని గోడకవతల శబ్దాలు వినేదాన్ని. మామ అరిచేవాడు కాదు. మిషన్ మీద పనిచేసినట్టు, ఒకే తీరుగా, ఆపకుండా కొట్టేవాడు.

ఒక ఆదివారం మామ డ్యూటీకి పోయాక అత్త తన చెయ్యి నా ముందు చాపింది. వేళ్లతో తడిమి ఎముకలను గుర్తుపట్టడం నాకు పరీక్షలో ఉంది. స్కెచ్ పెన్నుతో ఆమె ఎడమ ముంజేతి మీద గీతలు గీస్తూ పోతుంటే, చిటికెనవేలి వైపు ఎముక మీద, సరిగ్గా నడిమధ్య, గట్టి బొడిపె తగిలింది.

"ఈడ విరిగిందా అత్తా?"

"బావికాడ జారి పడినాను, యెప్పుడో."

జారిపడితే మణికట్టు విరుగుతుంది. ఈ ఎముక ఒక్కటే నడుమ విరిగిందంటే అది దెబ్బ అని, ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నప్పుడు తగిలే దెబ్బ అని అంతకు వారం ముందే మా సారు చెప్పారు. ఆ మాట అత్తతో అన్నాను. ఆమె కొంచెంసేపు గీతలవైపు చూసింది.

"మీ సారు తెలివైనోడే" అంది. "చెయ్యి అడ్డం పెట్టేది నేర్చుకున్నా పాపా. మొదట్లో అది కూడా తెలిసేది కాదు. అందుకే పన్ను పోయింది."

తర్వాత భుజం చూపించింది. పక్కటెముకలు చూపించింది. సిగ్గుపడలేదు, ఏడవలేదు. నాకు పరీక్షలో పనికొస్తుందని చూపించింది. ఆ పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి.

నేను ఊరికే ఉండలేక నాన్నకు చెప్పాను. నాన్న వచ్చాడు. మామతో కాఫీ తాగాడు, వానల గురించి మాట్లాడాడు. పోయేముందు చెల్లెలితో "కొంచెం అణిగిమణిగి ఉండమ్మా" అన్నాడు. ఆ సాయంత్రమే మామ కుక్కర్ మూతతో మొదలుపెట్టాడు. "పుట్టింటోళ్లకి చెప్పుకుంటావా?" అని ఒక్క ప్రశ్నే, మళ్లీ మళ్లీ. నేను గడి తీసి బయటికొచ్చి వెనకనుంచి అతని చెయ్యి పట్టుకున్నాను. అతను నన్ను విదిలించాడు. తలుపు గొళ్లెం నా కనుబొమ్మను చీల్చింది. రక్తం కంట్లోకి కారి ఇల్లంతా ఎర్రగా కనిపించింది. కింద పడివున్న అత్త, తన నోట్లోంచి రక్తం కారుతుంటే కూడా, పాక్కుంటూ వచ్చి చీరకొంగు నా నుదుటి మీద అదిమింది. "చెప్పింది నేనే, పాప కాదు" అని అతనికి చెప్పింది. నిజానికి నాన్నకు చెప్పింది నేను. ఆ మాట కూడా ఆమెకు మరో నాలుగు దెబ్బలు తెచ్చింది.

నా రెండో సంవత్సరంలో మామ ఫ్యాక్టరీలో కుప్పకూలాడు. పక్షవాతం. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి, మాట మొద్దుబారింది. అప్పటికి నేను థీసిస్ మొదలుపెట్టి ఉన్నాను. విషయం, పక్షవాతం వచ్చిన చేతికి పట్టు తిరిగి తెప్పించడం. ఆస్పత్రి నుంచి అతన్ని ఇంటికి తెచ్చిన రోజు నేను నోటుబుక్కుతో పక్కన కూర్చుంటే, అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది.

"కాలు నడిపించు పాపా. లేకుంటే బాత్‌రూముకి కూడా నేనే మొయ్యల్ల. చెయ్యి మాత్రం వొద్దు."

"అట్ల వదిలేస్తే బిగుసుకపోతుంది అత్తా. మొదటి నెలల్లో చేస్తేనే వస్తుంది."

"అందుకే చెప్తా ఉండా. వొద్దు."

"పేషెంటుకి చెయ్యనని నేను చెప్పకూడదు. మా చదువులో అది తప్పు."

"ఆ చెయ్యి నీకి పరీక్ష" అంది అత్త. "నాకేమి అది?"

వైద్యధర్మం గురించి ఆలోచించానని ఇప్పుడు రాసుకోవచ్చు. కానీ నాకు కేసులు తక్కువగా ఉన్నాయి, ఇంట్లోనే ఒక మంచి కేసు దొరికింది. అదీ నిజం. మరునాటి నుంచే చేతికి మొదలుపెట్టాను. అత్త మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు వచ్చి, "నువ్వు కాలేజీకి పోయినప్పుడు ఎవరు చేస్తారు? నేర్పించు" అంది.

నేర్పాను. పక్షవాతపు చెయ్యి పిడికిలి బిగుసుకుపోతుంది. అరచేయి కడగాలన్నా, గోళ్లు తీయాలన్నా వేళ్లను లాగి విప్పబోతే ఇంకా బిగుస్తుంది. మణికట్టును కిందికి వంచితే వేళ్లు వాటంతటవే విచ్చుకుంటాయి. ఒక్కసారి చూపిస్తే అత్త పట్టేసింది. రోజూ ఆ అరచేతిని సబ్బునీళ్లతో కడిగి, తడి లేకుండా తుడిచేది. తనను కొట్టిన చేతికి గోళ్లు తీస్తూ ఏమనుకునేదో నేనెప్పుడూ అడగలేదు.

నెలలు గడిచాయి. మామ కర్ర పట్టుకుని నాలుగడుగులు వెయ్యసాగాడు. కుడిచేతిలో బంతి నిలిచింది, తర్వాత గ్లాసు నిలిచింది. నేను అన్నీ రాసుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున అత్త రాగిగంజి తెచ్చి ఇచ్చింది. కొంచెం వేడిగా ఉంది. నేను పక్కనే కూర్చుని కొలతలు రాస్తున్నాను. మామ కుడిచెయ్యి లేచింది. ఎవరూ సాయం చెయ్యకుండా, ముందుకు చాచుకుని, అత్త మణికట్టును పట్టుకుంది. మొదట నాకు కలిగింది సంతోషం. ఆ చెయ్యి తనంతట తాను అందుకోవడం అదే మొదటిసారి. మరుక్షణం అతను ఆమెను కిందికి లాగి, ఎడమచేతిలోని కర్రతో ముఖం మీద కొట్టాడు. ఆ కర్ర నేను తెచ్చిచ్చిందే. రెండో దెబ్బకు ఆమె ముక్కులోంచి రక్తం గంజిలో పడింది. మూడో దెబ్బకు నేను లేచేలోపే, అత్త రెండో చేత్తో అతని కుడి మణికట్టును పట్టుకుని కిందికి వంచింది. వేళ్లు విడిపోయాయి.

ఆమె కర్రను లాక్కుంది. ఆ కుడిచేతి మీద ఒక్క దెబ్బ వేసింది. ఒక్కటే. మామ ఎద్దులా అరిచాడు. అత్త నావైపు తిరిగింది.

"ఇది కూడా రాసుకో" అంది.

తర్వాత ఆ కర్రను అతనికి అందేలా కుర్చీకి ఆనించి పెట్టింది. రెండు చీరలు బట్టల సంచిలో కుక్కుకుంది. అతని తమ్ముడికి ఫోన్ చేసి వచ్చి చూసుకోమని చెప్పమంది. చెప్పాను. హోసూరు బస్టాండులో కృష్ణగిరి బస్సెక్కాం. వాచిన ముఖాన్ని జనం చూస్తుంటే ఆమె కొంగు కప్పుకోలేదు. "చూడనీ" అంది. మా నాన్న దగ్గరికి పోదామంటే, "ఆడికి వొద్దు. కాఫీ తాగి పంపిస్తాడు" అంది.

మండీలో కాయలు ఏరి గంపలకెత్తే పని దొరికింది. నెల తర్వాత మామ తమ్ముడు వచ్చి అందరి ముందు ఆమెను జుట్టుపట్టి ఈడ్చాడట. పనిచేసే ఆడవాళ్లు పచ్చికాయలతో కొట్టి, గేటుదాకా తరిమి, అతని తల పగలగొట్టారట. నాకు ఈ సంగతి చెప్పి అత్త నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు.

నా థీసిస్‌లో మామ పేరు లేదు, కేసు నంబరు ఉంది. ఎదురుగా "పట్టు బాగుంది" అని ఉంది. దాంతోనే నాకు డిగ్రీ వచ్చింది. మామ ఇంకా బతికే ఉన్నాడు. ఆ చేత్తోనే అన్నం తింటాడట.

కొన్నేళ్లకు ధైర్యం తెచ్చుకుని ఆమెతో అన్నాను. "ఆ చెయ్యి తెచ్చిచ్చింది నేనే అత్తా."

"అవును, నువ్వే. నేను వొద్దన్నా" అంది. నా కంచంలో చారు పోసింది. "విప్పేది నేర్పించింది కూడా నువ్వే గదా. పోనీలే. తిను" అంది.

క్షమించిందో లేదో నాకు తెలియదు. ఇప్పుడు నా దగ్గరికి విరిగిన చేతులతో ఆడవాళ్లు వస్తుంటారు. "జారి పడినాను" అంటారు. నేను చెయ్యి తడిమి, తలుపు వేసి, మళ్లీ అడుగుతాను.

పోయిన ఎండాకాలం ఆమెను చూడ్డానికి చెప్పకుండా వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. మండీ వెనక ఆమె ఉండే ఒంటిగది తలుపు బార్లా తెరిచి ఉంది. హైవే మీద లారీల హారన్లు, వీధిలో ఎవరిదో తగాదా. అత్త చాపమీద గోడవైపు తిరిగి, గుమ్మానికి వీపు పెట్టి నిద్రపోతోంది. నేను చెప్పులు విడుస్తుంటే పక్కనున్న బిందె తగిలి దొర్లింది. ఆ చప్పుడుకు ఆమె ఉలిక్కిపడలేదు. చేతులు రెండూ పక్కకు వదిలేసి ఉన్నాయి, వీపు మెల్లగా లేస్తోంది, దిగుతోంది. నేను లేపకుండా గుమ్మంలోనే కూర్చున్నాను.