క్రోమియంకు అయిదు

భర్త బిచ్యా జ్వరంతో పోయాక అతని అటెండర్ ఉద్యోగం ద్వాలికి ఇచ్చారు. అది 1983. ఏన్కూరు అవతల, అడవి మొదలయ్యే చోట ఉన్న జూనియర్ కాలేజీ. ఏడో తరగతి చదివింది కాబట్టి ఆమెను కెమిస్ట్రీ ల్యాబులో వేశారు. పిల్లలు లేరు. తండా నుంచి నడిచి వచ్చి, టెస్ట్ ట్యూబులు కడిగి, నడిచి వెళ్లేది. పని చెప్పడానికి తప్ప ఆమెను ఎవరూ పలకరించేవారు కాదు.

ల్యాబుకూ క్లాసుకూ మధ్య గోడ కప్పు దాకా లేదు. అవతల వెంకటప్పయ్య మాస్టారు పరమాణువులో ఎలక్ట్రాన్లు ఎక్కడెక్కడ ఉంటాయో ఏటా చెప్పేవారు. ఎస్ అనే అరలో రెండు, పీ అనే అరలో ఆరు, డీలో పది. ద్వాలి అది విని, సీసాల పాత లేబుళ్ల వెనక ఒక్కో మూలకానికీ ఆ లెక్క వేసుకునేది. సోడియంకు పదకొండు: రెండు, రెండు, ఆరు, ఒకటి. క్రోమియం దగ్గర మాత్రం తప్పింది. చివర డీలో నాలుగు, ఎస్‌లో రెండు వేసింది. మాస్టారు అయిదు, ఒకటి అన్నారు. డీ సరిగ్గా సగం నిండితే నిలకడ ఎక్కువట. కొట్టేసి దిద్దుకుంది.

ఆరేళ్లకు ఆయన రిటైరయ్యారు. ఆయన స్థానంలో మధిర వైపు నుంచి వెంకటరామారావు సార్ వచ్చారు. ఒకరోజు బెల్లు కొట్టే వేళయిందన్న తొందరలో ఆయన బోర్డు మీద క్రోమియంకు నాలుగు, రెండు అని రాశారు. పిల్లలు వెళ్లాక, బోర్డు తుడవడానికి వచ్చిన ద్వాలి ఆగిపోయింది.

“సార్, క్రోమియంకు డీల అయిదు రావాలె గద.”

“నీకెవరు చెప్పారు?”

“పాత సార్ చెప్పంగ విన్న.”

ఆయన పుస్తకం తిరగేసి చూశారు. “అవును, అయిదే” అన్నారు.

మర్నాడు క్లాసులో, “నిన్న తప్పు రాశాను, దిద్దుకోండి” అన్నారు. ఇవతల ద్వాలి నల్లా కట్టేసి విన్నది. ఆమె పేరు రాలేదు.

సాయంత్రం ఆడబిడ్డ రూప్లికి తమ లంబాడీ భాషలో చెప్పబోయింది. ఎలక్ట్రాన్‌ను ఏమనాలో తెలియక, “సార్ తప్పు రాస్తే నేను చెప్పిన” అని ఊరుకుంది.

“జీతం పెంచుతడా?” అంది రూప్లి.

“లేదు.”

“మరి ఏమన్నడు?”

“అవ్ అన్నడు.”

రూప్లి తలూపి మిరపకాయల తొడిమలు తీయడంలో పడింది.

మాస్టార్లిద్దరూ ముప్పయ్యో మూలకం జింక్‌తో ఆపేసేవారు. ఆ వేసవి సెలవుల్లో, ఖాళీ ల్యాబులో కూర్చుని, ద్వాలి గోడ మీది పట్టికలో దాని తర్వాతిదైన గాలియం వేసింది. డీ పదీ నిండింది, ఎస్ రెండూ నిండాయి, మిగిలిన ఒక్కటి పీలో పెట్టింది. సరిగ్గానే వేసింది, కానీ ఆ సంగతి ఆమెకు తెలియదు. జూన్‌లో సార్‌ను అడుగుదామనుకుంది.

జూన్‌కు ఆయనకు బదిలీ అయింది. ఆ స్థానంలోకి రెండేళ్లదాకా ఎవరూ రాలేదు. ద్వాలి రోజూ ల్యాబు తెరిచి, దుమ్ము దులిపి, అయిదింటికి తాళం వేసి వెళ్లేది.