పక్కన చోటు

మనూరు దారిలో షేర్ ఆటో నడిపే ఆ మనిషి ఎక్కడ నిలబడ్డా ఒక పక్కకు ఒరిగి నిలబడేవాడు. డ్రైవరు సీటు మీదే అటొకరిని, ఇటొకరిని కూర్చోబెట్టుకుని ఏళ్ల తరబడి నడిపిన ఒళ్లు అది. తలుచుకుంటే ఇప్పటికీ ఆ ఒరిగిన భుజమే కళ్ల ముందు కదులుతుంది.

ఎక్కువ మందిని ఎక్కించాడని ఒకసారి పోలీసులు చలాన్ రాసి ఆటో స్టేషన్‌లో పెట్టేశారు. మర్నాడే కల్హేర్ సంత, ఆటోకు నాలుగు డబ్బులొచ్చే రోజు. జరిమానా తగ్గించమని నారాయణఖేడ్ కోర్టుకు దరఖాస్తు నేనే రాశాను. బడికి పోకుండా నేర్చిన అక్షరాలైనా కోపానికి బాగానే సరిపోతాయి. ఈ దారిలో బస్సులు వెయ్యనివాళ్లకు జరిమానా ఎవరు వేస్తారని అందులో అడిగాను. ఆ మాట కొట్టేయించాడు.

"లొల్లి వద్దు కాకా. ఇగ ఎక్కించుకోనని రాయి, సాలు."

అలాగే రాశాను.

జడ్జి అతన్ని చూసి, "సీదా నిలబడు" అన్నాడు. నిటారుగా నిలబడ్డాడు. కాసేపటికే, ఎవరో ఎక్కబోతున్నట్టు, మెల్లగా పక్కకు జరిగాడు.

"ఎవరికయ్యా చోటిస్తున్నావు?"

"అలవాటు సార్."

కిటికీలోంచి ఎండ వచ్చి ఆ ఖాళీలో నిలబడింది. జడ్జి కొంచెంసేపు అటే చూసి, జరిమానా సగం చేశాడు.

ఆటో విడిపించి తేగానే, సంతకు పోయే మనూరు ఆడవాళ్లు గంపలతో వెనక సీటు నింపేశారు. అతను భుజం ఒరగించి, తన సీటు అంచు తట్టాడు.

"రా కాకా, కూసో."

"ఇప్పుడే గదరా ఎక్కించుకోనని రాసిచ్చినం!"

"గందుకే, ఎవలన్న సూడకముందే జల్దీ ఎక్కు."

ఎక్కాను. ఆ చోటు సరిగ్గా నా అంతే ఉంది.