భూతద్దమే సరేనంది

పెట్టుబడి కంపెనీలకు అనుమతులిచ్చే ప్రభుత్వ కార్యాలయంలో, మోసపోయినవాళ్ల ఫిర్యాదులు తీసుకునే కిటికీ వెనక పద్దెనిమిదేళ్లుగా కూర్చుంటున్నావిడను అందరూ భూతద్దం అంటారు. ఊరికే అనరు మరి! పళ్లవాడు ఒక పండు కొసరు వేస్తే, సంచీ అక్కడే బోర్లించి ఏది కుళ్లిందో వెతుకుతుంది. మొగుడు ముద్దుగా పిలిస్తే, "ఏం పగలగొట్టావు?" అంటుంది.

ఆవిడ చెల్లెలిది కుట్టుపని దుకాణం. ఆ అద్దెగదిని అమ్మేస్తానని యజమాని ఏడాది గడువిచ్చాడు. చెల్లెలూ, ఆమె దగ్గర కుట్టే నలుగురు ఆడవాళ్లూ కలిసి తామే కొనుక్కుందామని కూడబెడుతున్నారు. అంతలో, తమ దగ్గర డబ్బు దాచుకోమంటూ ఒక కంపెనీ కాగితం వచ్చింది. చెల్లెలు దాన్ని పట్టుకుని అక్క దగ్గరికి పరిగెత్తింది.

ఏడాదిలో రెట్టింపు అని ఉంటే భూతద్దం అక్కడే చింపి పారేసేది. దొంగవెధవలు బ్యాంకు కంటే రెండు శాతమే ఎక్కువ రాశారు. ముద్ర చూసింది, చిరునామా చూసింది, అనుమతి నంబరును తమ కార్యాలయం జాబితాలో వెతికింది. ఉంది. పేరు కలిసింది. అయినా మనసు ఒప్పక, కాగితం మీదున్న నంబరుకు ఫోన్ చేసింది.

"ముందు మీరెవరో చెప్పండి మేడమ్. ఎవరికి పడితే వాళ్లకి మా ఖాతాదారుల విషయాలు చెప్పం," అన్నాడు అవతలివాడు, విసుగ్గా.

ఆ ఒక్క మాటతో పడిపోయింది మహాతల్లి! లోకంలో తనలాంటి అనుమానపు మనిషి ఇంకొకడు ఉన్నాడని మురిసిపోయింది.

"సరేలేవే, బాగానే ఉన్నట్టుంది," అంది చెల్లెలితో.

పది రోజుల తరవాత ఒక ముసలాయన అదే కంపెనీ కాగితంతో కిటికీ ముందు నిలబడ్డాడు. డబ్బు కట్టాక ఫోన్ ఎత్తడం లేదట.

"కాగితం మీది నంబరుకి కాదు తాతా, మా జాబితాలో ఉన్న నంబరుకి చెయ్యాలి," అని రోజుకు ఇరవైసార్లు చెప్పే మాటే చెబుతూ, సగంలో ఆగిపోయింది. తను చేసిందేమిటి?

జాబితాలోని నంబరుకు చేసింది. అసలు కంపెనీవాళ్లు ఎత్తారు. "ఆ పథకం మాది కాదమ్మా. మా పేరూ అనుమతి నంబరూ ఎవరో వాడుకుంటున్నారు," అన్నారు.

వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఎప్పుడో పంపేశాం కదక్కా! మా వాళ్లు భయపడ్డారు. భూతద్దమే సరేనంది, ఇంక మనకెందుకే అనుమానం అని చెప్పి నేనే ఒప్పించాను."

మధ్యాహ్నానికి అయిదుగురూ కిటికీ దగ్గరికొచ్చారు. బ్యాంకుకు అప్పటికే కబురు వెళ్లింది. ఆ దొంగల ఖాతాలో మిగిలిందేమీ లేదు. ఫిర్యాదు పత్రంలో 'మీకు నమ్మకం కలిగించింది ఎవరు?' అన్న గడి దగ్గర చెల్లెలి కలం ఆగింది. నలుగురూ నేల చూశారు.

"అది వదిలేద్దాంలే అక్కా," అంది చెల్లెలు మెల్లగా.

అరిచినా, తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. భూతద్దం కిటికీలోంచి చెయ్యి చాపి పత్రం లాక్కుంది. ఆ గడిలో తన పూర్తి పేరు, కింద హోదా రాసి తిరిగిచ్చేసింది.

"ఇది నేను తీసుకోకూడదే. పక్క కిటికీలో ఇవ్వండి."