ఎర్ర ఊలు ముడి

మా బేతంచెర్లకు చలి ఒకే ఒక్కసారి వచ్చింది. రైలు దిగబోయి, నాపరాళ్ల వేడికి అరికాళ్లు కాలి, మళ్లీ అదే పెట్టెలోకి ఎక్కేసింది. అలాంటి ఊళ్లో శివలీల స్వెట్టర్లు అల్లేది. కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన పని. కొనేవాళ్లు లేకపోయినా ఆమె చేతులు ఊరుకునేవి కావు.

ఢిల్లీకి నాపరాళ్ల లారీ తోలే ఉమామహేశ్ మీద ఆమెకు మనసు. అతనికో స్వెట్టరు అల్లి, దీపావళినాడు ఇస్తూ ఆ మాట చెప్పేయాలనుకుంది. ఒక పొద్దున అతను వాకిట్లో లారీ ఆపినప్పుడు చెయ్యి చాపమంది. టేపు కనబడక, మణికట్టుకు ఎర్ర ఊలు దారం చుట్టి, కొలత తప్పకుండా ముడి వేసింది.

ఆ రోజు రాఖీ పున్నమి అన్న సంగతి ఆమెకు గుర్తులేదు.

ఉమామహేశ్ కళ్లు చెమ్మగిల్లాయి. "తోడబుట్టినోళ్లు లేరని శానా బాధగా ఉండేది. ఇంగ నువ్వే నా చెల్లెలివి."

"అది కొలతకు కట్టిందప్పా," అంది శివలీల మెల్లగా.

"అభిమానానికి కొలత యాడుంటాదమ్మా," అని నవ్వి, దారంతోనే లారీ ఎక్కాడు.

ఆమె అల్లడం ఆపలేదు. చెప్పాలనుకున్న మాటే మిగల్లేదు.

దీపావళికి అతను చీర తెచ్చాడు. స్వెట్టరు తొడుక్కుని చూసుకున్నాడు. మణికట్టు దగ్గర వదులై, స్వెట్టరు చేతులు వేళ్లదాకా జారుతున్నాయి. వెలిసిపోయిన కొలత దారం ఇంకా అతని మణికట్టుకే ఉంది.

"చేతులు పొడుగైనట్టుండాయి కదమ్మా?"

శివలీల దగ్గరికొచ్చి, తలెత్తకుండా ఒక్కో చెయ్యీ మడిచింది.

"ఇట్ల మడుచుకో అన్నా," అంది.